తార రాని పూట: బ్రాడ్‌వేలో అండర్‌స్టడీ ఆట చూడటం ఎలా

విశాఖపట్నం నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు న్యూయార్కు చూడటానికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రాన్ని అక్కడి పెద్ద నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేలో నాటకానికి అట్టేపెట్టుకోవడం ఈ మధ్య అలవాటయింది. న్యూజెర్సీలో ఉండే కొడుకో కూతురో నెలల ముందే టికెట్లు కొంటారు. చాలాసార్లు ఆ కొనడానికి కారణం నాటకం కాదు, అందులో వేషం కడుతున్న ఒక పేరున్న నటుడు. తీరా హాల్లో కూర్చున్నాక చేతికిచ్చిన నాటక వివరాల పుస్తకంలోంచి వేలెడు వెడల్పున్న తెల్ల కాగితం ఒకటి జారి ఒళ్ళో పడుతుంది. ఈ ఆటలో ఫలానా పాత్రను ఫలానావారు ధరిస్తారని అందులో ఒకటే వాక్యం ఉంటుంది. రెండేళ్ళ కిందట నాకు అదే జరిగింది. మా అమ్మాయి ఆ కాగితం చదివి, ‘ఆయన కోసమే కదా నాన్నా ఇంత పోసి కొన్నాను’ అని ముఖం చిన్నబుచ్చుకుంది. ఆ రాత్రి మేము లేచి వెళ్ళిపోలేదు. నలభై ఏళ్ళుగా విశాఖ కళాభారతిలోనూ, యూనివర్సిటీ ఆవరణలోనూ, నాటక పరిషత్తు పోటీల పందిళ్ళలోనూ నాటకాలు చూస్తూ వచ్చిన నాకు ఆ రాత్రి ఆట మనసులో నిలిచిపోయింది. ఆ కాగితం చేతికి వచ్చినవాళ్ళు ఏమి చేయాలో, ఆ ఆటను ఎలా చూడాలో తెలిస్తే డబ్బు వృథా అయిందన్న బాధ ఉండదన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

ముందుగా కొన్ని మాటలు తెలిసి ఉండాలి. అండర్‌స్టడీ అంటే అదే నాటకంలో రోజూ చిన్న పాత్రలోనో బృందంలో ఒకరిగానో కనిపిస్తూ, ప్రధాన పాత్రను కూడా పూర్తిగా నేర్చుకుని ఉండే నటుడు. ఆయన పెద్ద వేషంలోకి వెళ్తే ఆయన చిన్న వేషం మరొకరు కట్టాలి కాబట్టి ఒక్కొక్కసారి ఆ కాగితం మీద మూడు నాలుగు పేర్లు వరసగా కనిపిస్తాయి. అది చూసి నాటకమంతా చెడిందని భయపడనక్కర లేదు. స్టాండ్‌బై మామూలు రోజుల్లో రంగస్థలం మీద కనిపించడు, పిలుపు వస్తే వచ్చి ఆడటానికి సిద్ధంగా ఉండటమే అతని ఉద్యోగం. స్వింగ్ అనే నటులు బృందంలోని అనేక వేషాలు నేర్చుకుని, ఏ రోజు ఎవరు రాకపోతే ఆ ఖాళీలో నిలబడతారు; నా దృష్టిలో వారందరిలోనూ కష్టమైన పని వీరిదే. ఇక ఆల్టర్నేట్ అంటే వారంలో ఫలానా ఆటలు తనవేనని ముందే నిర్ణయమైన నటుడు.

తార ఎందుకు రాడన్న ప్రశ్నకు జవాబు ఆటల లెక్కలోనే ఉంది. మనం ఒక పరిషత్తు నాటకానికి రెండు నెలలు రిహార్సల్స్ చేసి ఒక్క రాత్రి ఆడి సెట్టు విప్పేస్తాం. బ్రాడ్‌వేలో వారానికి 8 ఆటలు. బుధవారం, శనివారం, చాలాచోట్ల ఆదివారం కూడా మధ్యాహ్నం ఆట ఉంటుంది, వాటిలో కొన్ని రోజులు రాత్రి మళ్ళీ ఆడాలి. అదే పాత్ర, అవే అరుపులు, అదే ఏడుపు నెలల తరబడి సాగుతాయి. ఆ లెక్కన ఎంత గట్టివాడికైనా గొంతు పోయే రోజు, మోకాలు పట్టేసే రోజు వస్తుంది.

కాబట్టి జాగ్రత్త విశాఖలో ఉండగానే మొదలు కావాలి. టికెట్టు కొనే ముందు నాటకం సొంత వెబ్‌సైట్‌లో తార సెలవు తేదీలు వేశారేమో చూడాలి, ఎందుకంటే ముందే తెలిసిన సెలవులను చాలా నాటకాలు అక్కడ ప్రకటిస్తాయి. 2022లో ‘ఫన్నీ గర్ల్’లో లియా మిషెల్ ప్రధాన పాత్ర ధరిస్తున్నప్పుడు గురువారం ఆటలు జూలీ బెంకోవి, ఆ సంగతి చూసుకోకుండా గురువారానికి కొన్నవారు చిన్నబుచ్చుకుని ఉంటే ఆ తప్పు నాటకానిది కాదు. రెండో సంగతి, టికెట్టును నాటకంవారి అధికారిక అమ్మకం ద్వారానే కొనమని పిల్లలకు చెప్పండి. చేతులు మారిన టికెట్టుకు డబ్బు వెనక్కి రావడం కష్టం. ఏదైనా అడగవలసి వస్తే ఫోన్ చేసే వేళ కూడా గుర్తుంచుకోవాలి. వేసవిలో న్యూయార్కు మనకంటే తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది కనుక అక్కడ ఉదయం 10 గంటలైతే వేసవిలో మనకు రాత్రి 7.30 అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, బయలుదేరే ముందు ఆ నాటకం కథ తెలుసుకోవడం. నాటకం అచ్చులో దొరికితే తెప్పించుకుని ఒకసారి చదవండి, దొరకకపోతే కథాసారాంశమైనా ఇంట్లో కూర్చుని చెప్పించుకోండి. ఇంగ్లీషు యాస చెవికి పట్టడానికి మనకు కొంత సమయం పడుతుంది. తార ముఖం మనకు పరిచయం కాబట్టి ఆ ముఖాన్ని పట్టుకుని కథ వెంట నడిచిపోగలం. అండర్‌స్టడీ విషయంలో ఆ ఆసరా ఉండదు. కథ ముందే తెలిస్తే నటన చూడటానికి కళ్ళు ఖాళీగా ఉంటాయి.

హాలు దగ్గరకు ఆట వేళకు కనీసం ముప్పావు గంట ముందు చేరుకోండి. అక్కడి నటుల సంఘం, 1913లో ఏర్పడిన యాక్టర్స్ ఈక్విటీ, చేసుకున్న నిబంధన ప్రకారం నటుడు మారిన సంగతిని మూడు మార్గాల్లో కనీసం రెండింటి ద్వారా ప్రేక్షకులకు తెలియజేయాలి: ప్రవేశ ద్వారం దగ్గర బోర్డు, పుస్తకంలో కాగితం, తెర లేచే ముందు మైకులో ప్రకటన. నటులందరూ ఆటకు అరగంట ముందు థియేటరులో హాజరు వేయించుకోవాలి కాబట్టి కొన్ని మార్పులు ఆఖరు నిమిషంలోనే ఖరారవుతాయి. అందువల్ల లోపలికి వెళ్తూనే బోర్డు చదవండి, పుస్తకం చేతికి రాగానే ఒకసారి దులిపి చూడండి. పాత్రధారుల జాబితా తర్వాత ఎవరికి ఎవరు అండర్‌స్టడీనో కూడా అచ్చువేసి ఉంటుంది.

తార రావడం లేదని తెలిసిన ఆ నిమిషంలో నిర్ణయం తీసుకోవాలి. ప్రకటనల్లో నాటకం పేరు కంటే పైన పేరు వేసిన నటుడు రాకపోతే సాధారణంగా టికెట్టు డబ్బు వెనక్కి ఇస్తారు, లేదా మరో రోజుకు మార్చి ఇస్తారు. పేరు కింద ఉన్న నటుడు రాకపోతే ఆ హక్కు ఉండదు. ఏదైనా తెర లేవకముందే, కొన్నచోటే అడగాలి. సగం చూసి వచ్చి అడిగితే ప్రయోజనం ఉండదు. మీరు ఆ తారను ఒక్కసారైనా ప్రత్యక్షంగా చూడాలనే వచ్చి, ఆ ఊళ్ళో ఇంకా వారం రోజులు ఉండేటట్లయితే మార్చుకోవడంలో తప్పు లేదు. మర్నాడే తిరుగు ప్రయాణమైతే మాత్రం సందేహించకుండా కూర్చోమని నా సలహా.

అక్కడి నుంచి అసలు సంగతి మొదలవుతుంది. అండర్‌స్టడీని ఎలా చూడాలి? ఈ విద్య నిజానికి తెలుగు ప్రేక్షకుడికి కొత్తది కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను తెల్లవార్లూ ఆడిన రోజుల్లో ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉండేవారు. పడక సీనులో ఒకరు, రాయబారంలో మరొకరు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటివారి కృష్ణులను విన్న పెద్దలు కిరీటం కింద ముఖం ఎవరిదన్నది పక్కన పెట్టి, పద్యం ఎత్తుబడిలో తేడాను, రాగం విడిచే చోటును పట్టుకుని మాట్లాడేవారు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు వేరే హరిశ్చంద్రుడు రావడం కూడా మనకు అలవాటే. ఒక పాత్ర ఒక మనిషి సొత్తు కాదన్న సంగతి మన పందిళ్ళలో అందరికీ తెలుసు. బ్రాడ్‌వేలో కూర్చున్నప్పుడు ఆ చూపునే బయటికి తీయాలి.

మొదటి పావుగంట తీర్పు చెప్పకండి. అండర్‌స్టడీలు సాధారణంగా స్టేజ్ మేనేజర్ దగ్గర, తోటి అండర్‌స్టడీలతో కలిసి రిహార్సల్ చేస్తారు. ఆ రాత్రి ఎదురుగా నిలబడిన ముఖ్య నటులతో ఆ సీను ఎన్నడూ పూర్తిగా ఆడి ఉండకపోవచ్చు. పైగా ఎక్కడ నిలబడాలి, ఎన్ని అడుగులు వేయాలి, ఎప్పుడు తిరగాలి అన్నవి అసలు నటుడు చేసినట్టే చేయాలి, ఎందుకంటే దీపం పడేది అక్కడే, ఎదుటివారు చూసేది అక్కడికే. కనుక మొదట్లో ఆ నటుడిలో కనిపించేది చాలావరకు జాగ్రత్తే. ఆ జాగ్రత్త ఎప్పుడు సడలి పాత్ర తనదవుతుందో కనిపెట్టడమే ఆ రాత్రి ప్రేక్షకుడి పని.

ఇది నాకు ఎవరో చెప్పగా తెలిసింది కాదు. ముప్పై ఏళ్ళ కిందట మా చిన్న సమాజం ఒక పోటీకి వెళ్ళినప్పుడు, తండ్రి వేషం వేయవలసిన మిత్రుడికి ఉదయానికి గొంతు పూర్తిగా పోయింది. నాటకం మొత్తం నోటికి వచ్చినవాడు ప్రాంప్టింగ్ చేసే కుర్రాడు ఒక్కడే. అతనికి మేకప్ వేసి, జుట్టుకు తెల్లరంగు పూసి, భుజాల మీంచి జారిపోతున్న లాల్చీని వెనకవైపు నాలుగు పిన్నీసులతో బిగించి పంపాము. మొదటి సీనంతా అతను మా మిత్రుడి గొంతును అనుకరించాడు, దగ్గుతో సహా. రెండో సీనులో ఒక ఉత్తరం చదివే ఘట్టం ఉంది. మా మిత్రుడు ఆ ఉత్తరాన్ని ఉండచుట్టి విసిరేసేవాడు. ఈ కుర్రాడు దాన్ని చదివి, నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి, పైజేబులో పెట్టుకుని జేబు మీద చెయ్యి అలాగే ఉంచాడు. కూతురి వేషంలో ఉన్న అమ్మాయి ఒక్క క్షణం ఆగిపోయింది. ఇరవై రిహార్సల్స్‌లో గట్టిగా అరిచిన మాటను ఆమె ఆ పూట గొంతు తగ్గించి అంది. తెర పక్కన నిలబడిన నాకు ఆ సీను అర్థం అప్పుడే తెలిసింది.

అందుకే, అండర్‌స్టడీని చూసేటప్పుడు అతని ఎదుట ఉన్నవారిని కూడా చూడమంటాను. రోజూ విన్న మాటే మరో గొంతులో వస్తుంటే తోటి నటులు నిజంగా వినడం మొదలుపెడతారు. మేము చూసిన ఆటలో ఆ నటుడు కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించబోగా అది జారి కింద పడింది. ఎదుటి నటి తన మాట ఆపకుండా వంగి కోటు తీసి, దుమ్ము దులిపి, మడిచి తన చేతి మీదే వేసుకుంది. ఆ సీను ముగిసేదాకా ఆమె ఆ కోటును వదల్లేదు. భర్త మీద కోపంతో మాట్లాడే భార్య చేతిలో భర్త కోటు ఉండటం వల్ల ఆ కోపానికి మరో రంగు వచ్చింది. మా అమ్మాయి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. విరామంలో ఆమె తార పేరు ఎత్తలేదు, ఆ కోటు గురించే మాట్లాడింది.

విరామంలో మీరు కూడా అదే చేయండి. తార ఉంటే ఎలా ఉండేదన్న చర్చ పెట్టుకుంటే రెండో సగం కూడా ఆ లేని మనిషినే చూస్తూ కూర్చుంటారు. బదులుగా పుస్తకం తెరిచి, ఆ అండర్‌స్టడీ పరిచయం చదవండి. రోజూ ఏ చిన్న పాత్ర వేస్తున్నారో, ఇంతకు ముందు ఏయే నాటకాల్లో ఉన్నారో అక్కడ ఉంటుంది. అది చదివాక రెండో సగంలో ఆ మనిషి మనకు తెలిసినవారిలా కనిపిస్తారు.

ఇలాంటి రాత్రులు బ్రాడ్‌వే చరిత్రలోనూ ఉన్నాయి. 1954లో ‘ది పజామా గేమ్’ ఆడుతుండగా క్యారల్ హేనీ కాలి చీలమండకు దెబ్బ తగిలితే ఆమె బదులు షర్లీ మెక్‌లైన్ రంగస్థలం ఎక్కింది. ఆమెను ఆ పాత్రలో చూసిన నిర్మాత హాల్ వాలిస్ సినిమాలకు ఒప్పందం చేసుకున్నాడు. 2021 డిసెంబరులో కోవిడ్ మళ్ళీ విజృంభించినప్పుడు ‘ది మ్యూజిక్ మ్యాన్’లో సటన్ ఫోస్టర్ రాలేకపోతే, స్వింగ్‌గా ఉన్న క్యాథీ వోయిట్కో కొద్ది గంటల వ్యవధిలో సిద్ధమై ఆ పాత్ర ధరించింది. ఆట ముగిశాక అందులో ముఖ్య పాత్రధారి హ్యూ జాక్‌మన్ ఆమెను ముందుకు పిలిచి, అండర్‌స్టడీలూ స్వింగ్‌లూ నాటకానికి ఏమిటో ప్రేక్షకులకు చెప్పాడు. ఆ మొదటి కథనే అందరూ చెప్పుకుంటారు. నాకు రెండోది ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఆ తర్వాత ఆమె తిరిగి తన పనిలోకి వెళ్ళి మళ్ళీ సిద్ధంగా నిలబడవలసిన మనిషి.

ఆట ముగిశాక నటులు వరసగా వచ్చి నమస్కరించేటప్పుడు అండర్‌స్టడీ అందరికంటే చివర, తార నిలబడే చోటికే వస్తారు. మీకు ఆట నచ్చితే లేచి నిలబడి చప్పట్లు కొట్టండి. మొహమాటపడి ముందు వరసలవాళ్ళు లేచేదాకా ఆగవద్దు. తర్వాత థియేటరు పక్క సందులో నటులు బయటికి వచ్చే ద్వారం ఉంటుంది. తార లేని రోజున అక్కడ జనం పలచగా ఉంటారు, కాబట్టి మాట్లాడే వీలు దొరకవచ్చు. పేరు ఎలా పలకాలో పిల్లలను ముందే అడిగి నేర్చుకోండి. ‘చాలా బాగా చేశారు’ అని ఊరుకోకుండా మీకు నచ్చిన ఘట్టం ఏదో చెప్పండి. నేను నా ఇంగ్లీషులో కోటు సంగతి చెప్తే ఆయన ఒక్క నిమిషం ఆగి, అది తన చేతి పొరపాటనీ, ఆమె కాపాడిందనీ చెప్పాడు.

ఇంటికి వచ్చాక ఆ కాగితం ముక్కను పారేయకండి. పుస్తకంలో అచ్చయిన జాబితాలో తార పేరే ఉంటుంది. ఆ పూట ఆ పాత్ర ధరించింది ఎవరో ఉండేది ఆ ముక్క మీద మాత్రమే. వెనకవైపు తేదీ రాసి, జాబితా ఉన్న పేజీలోనే పెట్టి ఉంచండి. మాది ఇక్కడ మా బీరువాలో, పిన్నీసుతో గుచ్చి ఉంది.