డెల్టా బండ్లలో రెండో బ్యాటరీ ఇబ్బంది పెడుతుంటే: లక్షణం, కారణం, తొలగించే పద్ధతి

రొయ్యల చెరువుల గట్ల మీద, లంక దారుల్లో, అంతర్వేది, ఓడలరేవు వైపు తీరపు ఇసుకలో తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) కోసమో, అదనపు లైట్ల కోసమో, చిన్న ఫ్రిజ్ కోసమో రెండో బ్యాటరీ బిగించుకునేవారు ఉన్నారు. ఉప్పుగాలి, తేమ ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో బ్యాటరీ కంటే ముందే దానికి వెళ్ళే కేబుల్, లగ్ (కేబుల్ కొనకు బిగించే లోహపు ముక్క), రిలే (కరెంటును కలిపి విడదీసే స్విచ్) పాడైపోవచ్చు. కాబట్టి స్పానర్ పట్టుకునే ముందు వోల్టేజీ, కరెంటు కొలిచే ఒక మల్టీమీటర్ దగ్గర పెట్టుకుని తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలకు వర్తిస్తుంది.

ఉదయానికి రెండు బ్యాటరీలూ దిగిపోయి, సెల్ఫ్ అందుకోవడం లేదు

ఇంజన్ ఆగిన తరువాత రెండు బ్యాటరీలను విడదీయవలసిన ఐసోలేటర్ రిలే తన పని చేయడం లేదని మొదట అనుమానించాలి. వోల్టేజీని బట్టి పనిచేసే రిలేలు చాలావరకు 13.3 వోల్టుల దగ్గర కలుపుతాయి, 12.8 దగ్గర విడదీస్తాయి. లోపలి కాంటాక్టులు కాలి అతుక్కుపోతే అవి ఎప్పటికీ విడిపోవు. అప్పుడు బలహీనమైన బ్యాటరీ రాత్రంతా మంచిదాన్ని కూడా తనతో పాటు కిందికి లాగేస్తుంది.

పరీక్ష సులువు. ఇంజన్ ఆపి, హెడ్‌లైట్లు కొన్ని నిమిషాలు వెలిగించి ఉంచి, రెండో బ్యాటరీ వోల్టేజీ చూడాలి. లైట్లు ప్రధాన బ్యాటరీ మీద వెలుగుతుండగా రెండోదాని వోల్టేజీ కూడా దానితో సమానంగా దిగుతూ ఉంటే కాంటాక్టులు అతుక్కున్నట్టే. రిలే మార్చితే సరిపోతుందా, బ్యాటరీనే తీసేయాలా అన్నది తేలాలంటే రెండు బ్యాటరీలనూ విడదీసి, విడివిడిగా పూర్తిగా చార్జి చేసి, ఒక రాత్రి వదిలేసి చూడాలి. 12.6 వోల్టులకు పైన నిలబడితే బ్యాటరీని అనుమానించనక్కరలేదు. 10.5 దగ్గరకు వచ్చి ఆగితే ఆరు సెల్లుల్లో ఒకటి లోపల షార్ట్ అయి ఉంటుంది. దానికి వైద్యం లేదు, తీసేయడమే.

రెండో బ్యాటరీకి చార్జి ఎక్కడమే లేదు

ఇంజన్ నడుస్తుండగా ప్రధాన బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య కనిపించి, రెండోదాని మీద 12.3 మాత్రమే ఉంటే మధ్యలో ఎక్కడో కరెంటు ఆగిపోతోంది. ముందు ఫ్యూజ్, తరువాత రిలే చూసి, అవి బాగుంటే లగ్ పక్కన కేబుల్‌ను వేళ్ళతో వంచి చూడాలి. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదానిలా మెరుస్తున్నా, అంగుళం మేర కోసి చూస్తే లోపలి రాగి పోగులు నల్లబడి, ఆకుపచ్చ పొడిలా రాలిపోతుండటం తీరప్రాంతపు బండ్లలో జరిగేదే. ఉప్పు తేమ తీగ పోగుల మధ్య నుంచి లోపలికి పాకుతుంది కాబట్టి పైన వాసలీన్ రాసినంత మాత్రాన అది బాగుపడదు. తగరం పూత ఉన్న రాగి కేబుల్ కొత్తగా వేయాలి.

బీఎస్ 6 బండ్లలో మరో కారణం ఉండవచ్చు. ఇంధనం ఆదా కోసం, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ తన వోల్టేజీని తగ్గించుకునే మోడళ్ళలో సాధారణ రిలే మధ్యమధ్యలో విడిపోతూ ఉంటుంది. అక్కడ, వచ్చే వోల్టేజీ తగ్గినా రెండో బ్యాటరీకి సరిపడా పెంచి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ పెట్టకపోతే ఎన్ని బ్యాటరీలు మార్చినా ఫలితం ఉండదు.

బ్యాటరీ వేడెక్కుతోంది, పక్కలు ఉబ్బాయి, కుళ్ళిన గుడ్ల వాసన వస్తోంది

ఇది ఆలోచిస్తూ కూర్చునే పరిస్థితి కాదు. ఇంజన్ ఆపి, బానెట్ తెరిచి, బ్యాటరీ చల్లబడేదాకా దూరంగా ఉండాలి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. చల్లబడిన తరువాత తీసేయాలి తప్ప మళ్ళీ చార్జి పెట్టకూడదు.

తీసే పద్ధతి

మామూలు బ్యాటరీ తీసినట్టు దీన్ని తీయకూడదు. ఒక బ్యాటరీ వైర్లు విప్పినా, ఇంకో బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ కేబుల్ కొన ప్రాణంతోనే ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే.

తాళంచెవి తీసి, వించ్, లైట్ల స్విచ్‌లు ఆపి, రెండు బ్యాటరీల మైనస్ క్లాంపులూ విప్పి, అవి తిరిగి తగలకుండా గుడ్డ చుట్టాలి. మైనస్ ముందే ఎందుకంటే, అది బిగించి ఉండగా ప్లస్ విప్పుతున్న స్పానర్ బండి బాడీకి తగిలితే పెద్ద షార్ట్ అవుతుంది. ఆ తరువాత ప్రధాన బ్యాటరీ పక్కన ఉన్న ఫ్యూజ్ తీసి, ఐసోలేటర్‌కు వెళ్ళే కేబుల్‌ను ప్రధాన బ్యాటరీ వైపు కొన నుంచే ముందుగా విడదీయాలి. చివరగా రెండో బ్యాటరీ ప్లస్ విప్పాలి. కేబుల్ కొనకు టేపు చుట్టి బానెట్ కింద వదిలేసే అలవాటు మంచిది కాదు. గట్ల మీద కుదుపులకు టేపు ఊడుతుంది, కాబట్టి కేబుల్‌ను మొత్తం లాగేసి, రిలేకు వెళ్ళే సన్న వైర్లను కూడా తీసేయాలి.

క్లాంప్ పట్టేసి రాకపోతే సుత్తితో కొట్టవద్దు, స్క్రూడ్రైవర్‌తో కింది నుంచి ఎత్తవద్దు. పోస్టు (క్లాంప్ పట్టే సీసపు మొన) సీలు విరిగి యాసిడ్ కారుతుంది. వంటసోడా కలిపిన నీళ్ళు మూత రంధ్రాల్లోకి పోకుండా క్లాంప్ మీద పోసి, నురగ ఆగిన తరువాత నట్టు పూర్తిగా వదులు చేసి, క్లాంప్ నోరు కొద్దిగా విప్పి, పుల్లర్‌తో నిటారుగా లాగాలి. కంటి అద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ దాదాపు పాతిక కిలోలు తూగుతుంది కనుక ఇద్దరు పట్టి, ఒరగకుండా ఎత్తాలి. దాని కింద ట్రేను కూడా సోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టి తుప్పు నిరోధక రంగు వేయాలి, లేకపోతే కారిన యాసిడ్ వచ్చే వర్షాకాలానికి ఛాసిస్ రేకును తినేస్తుంది.

తీసిన తరువాత లైట్లు, వించ్ పనిచేయడం లేదు

వాటికి కరెంటు రెండో బ్యాటరీ నుంచి వచ్చేది కాబట్టి ఇది సహజమే. లైట్లను ఫ్యూజ్, రిలేలతో ప్రధాన బ్యాటరీకి మార్చవచ్చు. వించ్ పూర్తి బరువు లాగేటప్పుడు వందల ఆంపియర్లు తాగుతుంది, కనుక దాని సొంత మందపాటి కేబులే ప్రధాన బ్యాటరీకి రావాలి, ఇంజన్ నడుస్తుండగా మాత్రమే వాడాలి. మైనస్ క్లాంప్ మీద బ్యాటరీ కరెంటు కొలిచే సెన్సార్ ఉన్న బండ్లలో అదనపు ఎర్త్ వైర్లను పోస్టుకు కాక ఛాసిస్‌కు బిగించాలి. లేకపోతే సెన్సార్ లెక్క తప్పి చార్జింగ్ దెబ్బతింటుంది. తిరిగి బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.

తీసేసినా ప్రధాన బ్యాటరీ దిగిపోతూనే ఉంది

అంటే రెండో బ్యాటరీ ఒక్కటే దోషి కాదు. మైనస్ క్లాంప్ విప్పి, క్లాంప్‌కూ బ్యాటరీ పోస్టుకూ మధ్యలో మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ రేంజిలో సిరీస్‌లో కలిపి, తలుపులు మూసి, బండిలోని కంప్యూటర్లు నిద్రపోయేదాకా అరగంట ఆగి చూడాలి. ఈ స్థితిలో సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజ్ పోతుంది. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే మామూలే. అంతకు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ, రీడింగ్ ఎక్కడ పడిపోతుందో గమనిస్తే తప్పు ఏ లైనులో ఉందో దొరుకుతుంది. చాలాసార్లు అది ఎవరో తరువాత బిగించిన కెమెరానో, ట్రాకరో అయి ఉంటుంది.

పాత బ్యాటరీలోని యాసిడ్‌ను కాలువలోనో చెరువులోనో పారబోయవద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే దుకాణంలోనే పాతదాన్ని ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గింపు కూడా దొరుకుతుంది.