తుప్పు పట్టిన మారుతి 800ని ఇంట్లోనే బాగు చేసుకోవడం: రంగు కంటే ముందు నీళ్ళ సంగతి చూడండి

పాత బండి కొని బాగు చేద్దాం అనుకునేవాళ్ళు ఎక్కువమంది ముందు రంగు గురించే అడుగుతారు, ఏ కలర్ బాగుంటుంది, ఎంతవుద్ది అని. రంగు ఆఖరి పని. అసలు పని తుప్పు, తుప్పు కంటే ముందు పని ఆ తుప్పుకి నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తున్నాయో పట్టుకోవడం. ఇది వదిలేసి ఎంత డబ్బు పోసినా రెండు వానాకాలాలు దాటేసరికి అదే చోట రంగు కింద బుడగలు లేస్తాయి.

మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పే బండి మారుతి 800. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి పాత కార్ల మీద మనసు ఉంటుంది నిజమే, కానీ పద్మినికి సామాన్లు వెతుక్కోవడమే పెద్ద పని, అంబాసిడర్ బాడీ బరువు, ఒక్కడే ఇంట్లో చేసుకోవడం కష్టం. 800 అయితే 1983 డిసెంబర్ నుంచి 2014 దాకా వచ్చింది, 796 సీసీ మూడు సిలిండర్ల చిన్న ఇంజన్, పని తెలిసిన మెకానిక్ ఏ ఊళ్ళో అయినా దొరుకుతాడు. సామాన్లకి విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు ఒక రోజు తిరిగితే డోర్లు, బానెట్, బీడింగ్ రబ్బర్లు చాలావరకు దొరుకుతాయి.

కొనే ముందు ఆర్సీ చూడండి. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత బండి చూపించి 5 ఏళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. ఛాసిస్ నంబర్ ఆర్సీతో కలవాలి, చదవడానికి వీలుగా ఉండాలి. తర్వాత పనిలో పడి ఆ నంబర్ కొట్టిన చోట గ్రైండర్ మాత్రం పెట్టకండి. రంగు మార్చినా ఇంజన్ మార్చినా ఆర్సీలో ఎక్కించాల్సిందే, ఇంజన్ అయితే ముందే అనుమతి తీసుకోవాలి.

బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒక అయస్కాంతం, ఒక పాత స్క్రూడ్రైవర్, టార్చ్ జేబులో వేస్కోండి. అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి డోర్ల కింది అంచు, చక్రాల పైన ఆర్చీలు, రన్నింగ్ బోర్డు (డోర్ల కింద పొడుగ్గా ఉండే బాడీ రేకు) పొడుగునా జరుపుతూ పోండి. పట్టు వదిలేసిన చోట రేకు పోయి ఉండొచ్చు, పైన మందంగా పట్టీ (గుంటలు పూడ్చే పుట్టీ) పెట్టి రంగు కొట్టేశారు. తర్వాత మ్యాట్లు ఎత్తి, కింద ఉన్న ఫెల్ట్ కూడా ఎత్తి డ్రైవర్ కాళ్ళ దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గట్టి రేకు టంగుమంటుంది, కుళ్ళిన రేకు మెత్తగా లోపలికి పోతుంది. బ్యాటరీ ట్రే కింద, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు అద్దం రబ్బరు మూలలు కూడా చూడాలి. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో తిరిగిన బండి అయితే అడుగు భాగం ఇంకా జాగ్రత్తగా చూడండి, ఉప్పు గాలికి తుప్పు తొందరగా పాకుతుంది. వెనక సస్పెన్షన్ బాడీకి పట్టే చోట రేకు పోయిన బండి జోలికి మొదటిసారి వెళ్ళొద్దు.

ఇంటికి తెచ్చాక సీట్లు, మ్యాట్లు, ఫెల్ట్ మొత్తం బయట పడేసి ఫ్లోర్ తుడిచి ఆరబెట్టి, దాని మీద టాల్కమ్ పౌడర్ పలచగా చల్లండి. ఒకరు లోపల టార్చ్ పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో మెల్లగా నీళ్ళు పొయ్యాలి, కింద నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో చోట కాసేపు ఆగుతూ. ముందే పైన పోసేస్తే నీళ్ళు అంతటా కారి ఏది కన్నమో తెలీదు. పౌడర్ మీద తడి గీత పడుతుంది, ఆ గీత పట్టుకుని వెనక్కి పోతే అద్దం బీడింగో, ఇంజన్ వైపు నుంచి కేబుళ్ళు దూరే రబ్బరు గ్రోమెట్టో బయటపడుద్ది. డోర్ల కింద నీళ్ళు పోయే చిన్న కన్నాలు ఉంటాయి, అవి మట్టితో మూసుకుపోతే డోర్ లోపల నీళ్ళు నిలిచి కింది అంచు తినేస్తుంది, సన్నటి తీగతో పొడిచి తెరవండి. రబ్బర్లు మార్చడం మాత్రం రేకు పని, రంగు అయ్యాకే, ముందే వేస్తే మళ్ళీ పీకాలి.

ఇక గ్రైండర్ పట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యండి, కళ్ళద్దాలు, మంచి మాస్క్ పెట్టుకోండి, వైర్ బ్రష్ తీగలు ఊడి ఎగురుతాయి, పాత రంగు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. బండితో వచ్చిన జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, గట్టి నేల మీద జాక్ స్టాండ్లు పెట్టాకే దూరాలి. పెట్రోల్ ట్యాంక్ దగ్గర వెల్డింగ్ ఉంటే ట్యాంక్ విప్పి దూరంగా పెట్టాలి, ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు, అందులో ఆవిరే ఎక్కువ ప్రమాదం.

తుప్పు పైపైన ఉంటే వైర్ కప్ బ్రష్‌తో, తర్వాత 80 నంబర్ సాండ్ పేపర్‌తో తెల్లటి ఇనుము కనపడేదాకా గీకాలి. గుంటల్లో మిగిలిపోయిన దానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ రాస్తే నల్లగా మారుతుంది, అయితే కడగాలా వద్దా డబ్బా మీద చూసుకుని పూర్తిగా ఆరాకే ప్రైమర్ వెయ్యాలి. బ్రాకెట్లు, కబ్జాల లాంటి చిన్న సామాన్లకి కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. నీళ్ళలో కలిపి నానబెట్టి, మధ్యమధ్యలో తీసి చూస్తూ, తుప్పు వదిలాక వంటసోడా నీళ్ళతో కడిగి వెంటనే ఆరబెట్టండి. స్ప్రింగులు, బ్రేక్ సామాన్లు మాత్రం అందులో వెయ్యొద్దు.

చిల్లు పడిన చోటే మనవాళ్ళు ఎక్కువ తప్పు చేస్తారు. ఎంసీల్ కుక్కి, పైన పట్టీ పూసి, రంగు కొట్టి అమ్మేస్తారు. పట్టీ తడి పీల్చుకుంటుంది, లోపల ఇనుము కనపడకుండా కుళ్ళుతూనే ఉంటుంది. చిల్లు చుట్టూ మంచి రేకు వచ్చేదాకా కోసి 20 లేదా 22 గేజ్ షీట్ ముక్క వెల్డ్ చెయ్యాల్సిందే. మామూలు ఆర్క్ వెల్డింగ్ ఆ పలచటి రేకుని కాల్చేస్తుంది, సీవోటూ (మిగ్) వెల్డింగ్ కావాలి. ఈ ఒక్క పనికీ టింకరింగ్ (రేకు పని) మేస్త్రీని పిలిపించుకోండి, కోత, శుభ్రం మీరే చేసి పెట్టుకుంటే కూలి బాగా తగ్గుతుంది. "అన్నా, చుక్క చుక్క వేస్తూ చోటు మార్చుకుంటూ వెళ్ళు" అని చెప్పండి, ఒకే చోట లాగిస్తే రేకు వంకర పోతుంది. రెండు వైపులా రన్నింగ్ బోర్డులు ఒకేసారి కొయ్యనివ్వకండి, ఈ బండికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీనే దాని బలం.

ఇనుము బయటపడిన రోజే ప్రైమర్ పడాలి. వానాకాలంలో పొద్దున గీకింది సాయంత్రానికే ఎర్రబడుతుంది, అందుకే ఈ పని డిసెంబర్ నుంచి మార్చి మధ్యలో పెట్టుకోవడం మేలు. థిన్నర్ గుడ్డతో తుడిచి టూ ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమర్ వెయ్యండి. మామూలు రెడ్ ఆక్సైడ్ తేమని ఆపదు, అది వేసి బండి వానలో వదిలేస్తే మళ్ళీ మొదటికే. ఎపాక్సీ మీద అవసరమైనంత పలచగా పట్టీ, దాన్ని పొడిగానే సాన పట్టాలి, నీళ్ళు పెట్టకూడదు. తర్వాత సర్ఫేసర్ (రంగు కింద నున్నగా చేసే కోటు), దాని మీద 400 పేపర్. ఆ పైన పీయూ (పాలీయురెథేన్) రంగు మాత్రం బూత్ ఉన్న పెయింటర్‌కి ఇచ్చెయ్యండి, దాని హార్డెనర్ పొగ చాలా ప్రమాదం, ఇంట్లో పిల్లలు తిరిగే చోట కొట్టేది కాదు.

అడుగున నల్ల కోటింగ్ తుప్పు పూర్తిగా పోయాకే కొట్టించాలి. తుప్పు మీద కొడితే తడిని లోపల బంధించినట్టే. రన్నింగ్ బోర్డుల లోపల, డోర్ల లోపల సన్న పైపుతో క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) పంపించండి, నీళ్ళు పోయే కన్నాలు మూసుకోకుండా చూస్కోండి. కొందరు వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టిస్తారు, అది రబ్బరు బుష్‌లని పాడు చేస్తుంది, నేల మీద కారుతుంది, వద్దు.

ఏళ్ళ తరబడి ఆగిన ఇంజన్‌కి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో కొంచెం ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలి, క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, టైమింగ్ బెల్ట్ మార్చి, పాత పెట్రోల్ మొత్తం తీసేశాకే స్టార్ట్ చెయ్యాలి. బ్రేక్ హోస్‌లు, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించి, బ్రేక్ ఆయిల్ మార్చి, పని తెలిసిన మెకానిక్‌తో చూపించాకే రోడ్డెక్కించండి. కొత్త బీడింగ్ వేశాక పౌడర్ చల్లి పైపు పరీక్ష ఇంకోసారి చెయ్యండి, పూర్తిగా పొడిగా ఉందని తేలాకే ఫెల్ట్, మ్యాట్లు పరవండి.