ఘాట్‌లో సీటు మీంచి లేచే ముందు

ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి అరకు దారిలో అనంతగిరి ఘాట్‌కి గుంపుగా సైకిళ్లేసుకుని వెళ్తున్నారా? ఎత్తులో సీటు మీంచి లేచేటప్పుడు సైకిల్ ఒక్క క్షణం జానెడు వెనక్కి జరిగినట్టవుతుంది. వెనకున్నవాడి ముందు చక్రం మీ చక్రానికి తగిలిందంటే పడేది వాడే, పాపం. అందుకే ముందు ఒక గేరు బరువు చేసుకుని, పెడల్ కిందికి దిగుతుండగా తొక్కుతూనే లేవండి. "లేస్తున్నా" అని ఓ కేకేస్తే ఇంకా మంచిది.

ఎడమ మలుపుల్లో లోపలి అంచే బాగా నిటారు. గేరు మలుపుకి ముందే తేలిక చేసుకోవాలి. మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ కరకరలాడి ఊడినా ఊడుతుంది. దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా పట్టుకోవద్దు, చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులైతే మరీను. మలుపుకి ముందే గట్టిగా నొక్కి వదిలేయండి. ఎదురుగా బస్సులొస్తాయి, పక్కపక్కన కబుర్లు మాత్రం వద్దు.