నాలా పక్కన ఇల్లు చూస్తున్నారా? ముందు పైనున్న చెరువు చూసి రండి

చిన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. హైదరాబాద్‌లో మా చుట్టాల్లో ఎవరు ప్లాట్ చూసినా, అద్దెకి దిగాలనుకున్నా "ఒకసారి వచ్చి చూడు బాబాయ్" అని ఫోన్ చేస్తారు. వెళ్తే నాలా గోడ దగ్గరికి తీసుకెళ్లి, అడుగున పారే జానెడు మురుగునీళ్లు చూపించి "ఇదేం ముంచుతుంది?" అంటారు. నేను బండి తీయమని, ఎగువకి పోదాం పదమంటాను.

ఈ ఊరి నాలాలు చాలావరకు మురుగు కోసం తవ్వినవి కావు. పై చెరువు నిండి మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయేలా కట్టలో ఉంచిన అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకి, చివరికి మూసీకి పోవడానికి ఉన్న దారులు. కాబట్టి మీ ఇంటి పక్క నాలా ఎంత పొంగుతుందో చెప్పేది పైనున్న చెరువు. టోలీచౌకీలో నదీమ్ కాలనీకి షాహాతిమ్ చెరువు, దిల్‌సుఖ్‌నగర్ పక్కన కోదండరామ్ నగర్‌కి సరూర్‌నగర్ చెరువు అలాంటివే. 2020 అక్టోబర్ వానలకి రెండు చోట్లా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ పెట్టుకుని నాలా వెంట వెనక్కి వెళ్తే చెరువు దొరుకుతుంది. కట్ట ఎక్కి మత్తడి ఎక్కడుందో చూడండి. దానికి అడ్డంగా గోడ గానీ, మట్టి గానీ వేశారా? మత్తడి అంచుకి నీళ్లు ఎంత కిందున్నాయి? ఏప్రిల్‌లో కూడా చెరువు నిండుగా కనిపిస్తే సంతోషపడకండి. అది మురుగుతో నిండిన చెరువు, వాన నీళ్లకి అందులో చోటు లేదు. ఖాళీ ఉన్న చెరువైతే జూన్ వానని తాగేస్తుంది. అక్టోబర్ నాటికి చెరువు నిండిపోయి ఉంటుంది కాబట్టి అదే వాన అప్పుడు పడితే నేరుగా మీ వీధికొస్తుంది. కట్ట దిగువన ఎండాకాలంలోనూ తడి ఊరుతుంటే అది మరీ చెడ్డ గుర్తు. 2020లోనే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది.

ఇక దిగువకి రండి. మీ ఇంటి దగ్గర నాలా వెడల్పుగానే ఉండొచ్చు. కానీ కింద ఎక్కడో ఒక కల్వర్టు ఇరుగ్గా ఉంటుంది, లేదా నాలా మీద స్లాబు వేసి బాక్స్ డ్రెయిన్‌లోకి దించి ఉంటారు. ఆ మూతి దగ్గర టేపు పెట్టి కొలవండి. అడ్డంగా మంచినీళ్ల పైపు, కేబుల్ కట్టలు ఉంటే చెత్తంతా అక్కడే చిక్కుకుంటుంది.

లెక్క కష్టమేం కాదు. చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వెయ్యి ఘనమీటర్ల నీళ్లు. గంటలో 5 సెంటీమీటర్లు పడితే 50 వేలు. అంతా స్లాబులు, సీసీ రోడ్లే కాబట్టి భూమిలోకి ఇంకేది తక్కువ, 40 వేలన్నా నాలాకి చేరుతుందనుకోండి. అంటే సెకనుకి సుమారు 11 ఘనమీటర్లు. ఇప్పుడు కల్వర్టు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. నీళ్లు సెకనుకి మీటరున్నర వేగంతో పారితే అందులోంచి పోయేది 9. సగం పూడికతో నిండి ఉంటే నాలుగున్నర. మిగతాది రోడ్డెక్కుతుంది. ఇందులో పై చెరువు మత్తడి నీళ్లు కలపలేదు, చూసుకోండి.

నాలా మూసీలో కలిసే చోటికి మీ కాలనీ దగ్గరైతే ఇంకో చిక్కుంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తి మూసీ నిండుగా పారుతున్నప్పుడు నాలా నీళ్లకి దారి దొరకదు, వెనక్కి తంతాయి. మీ దగ్గర చినుకు పడకపోయినా సరే.

తర్వాత వీధి. గోడల మీద చారలు చూడండి. చెమ్మ వల్ల వచ్చే చార వంకరటింకరగా, ఇంటికో ఎత్తున ఉంటుంది. వరద చార వరసగా నాలుగిళ్లలో ఒకే మట్టంలో ఉంటుంది. కరెంటు మీటరు మనిషి ఎత్తుకి మార్చారా, గుమ్మానికి అడ్డంగా ఇటుక కట్ట కట్టారా, గేట్ల అడుగు తుప్పుపట్టి తినేసిందా? అమ్మేవాళ్లని అడగొద్దు, వాళ్లు "ఎప్పుడూ రాలేదండీ" అనే అంటారు. ఇస్త్రీ బండాయన్ని, కిరాణా కొట్టామెని, గ్రౌండ్ ఫ్లోర్లో అద్దెకున్నవాళ్లని అడగండి. "నీళ్లొస్తాయా?" అనొద్దు. "పోయిన పెద్ద వానకి బండ్లు ఎక్కడ పెట్టారు?" అంటే నిజం బయటికొస్తుంది.

ఎత్తు కొలవడానికి మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు చాలు. గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస నాలా గోడ మీద, రెండోది గడప దగ్గర పట్టుకుంటే తేడా తెలుస్తుంది. గడప ఎత్తుగా ఉన్నా ధీమాగా ఉండకండి. నాలా నిండితే డ్రైనేజీ లైన్లోంచి నీళ్లు బాత్రూమ్ నహానీ ట్రాప్‌లో (నేల మీద నీళ్లు పోయే జాలీలోంచి) పైకొస్తాయి. సంప్ మూత నేలమట్టంగా ఉంటే తాగేనీళ్లు కూడా పోయినట్టే. సెల్లార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్ అయితే ర్యాంప్ మొదట్లో గట్టు ఎంత ఎత్తుందో చూడండి. చాలాచోట్ల అసలు ఉండదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల 168వ జీవోలో 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకి 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా) అని రాశారు. రెండు మీటర్లంటే మంచం పొడవు. బఫర్ బయట ఉన్నంత మాత్రాన నీళ్లు రావని కాదు. పాత గ్రామ నక్షా (పటం) తీయించి చూస్తే నాలా అసలు దారి తెలుస్తుంది. ఇప్పుడు దాన్ని పక్కకి తిప్పి ఉంటే, పాత దారి మీద కట్టిన ఇంటి జోలికి నేనైతే వెళ్లను.

ఇప్పటికే అక్కడ ఉంటున్నవాళ్లు కల్వర్టు గోడ మీద స్లాబుకి రెండడుగుల కింద ఎర్ర గీత గీసుకోండి. చిన్న నాలా గంట లోపే పొంగుతుంది, హెచ్చరికల కోసం చూస్తూ కూర్చునే టైముండదు. నీళ్లు గీత తాకగానే బండ్లు, గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా పైకి చేర్చాలి, కింది అంతస్తు కరెంటు మెయిన్ ఆపేయాలి. రాత్రి పూట ఎవరు వెళ్లి చూడాలో వీధిలో వానాకాలానికి ముందే వంతులు వేసుకోండి.