ఎండలు ముదరకముందే బోన్సాయ్ కొమ్మల సంగతి

అనంతపురంలో శివరాత్రి దాటిందంటే మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కలేం. చిన్న తొట్టిలో రెండు మూడేళ్ల జువ్విని బోన్సాయ్‌గా, అంటే పెద్ద చెట్టు రూపంలోనే పొట్టిగా, పెంచుతున్నవాళ్లకు సరిగ్గా అప్పుడే కత్తెర మీదికి చెయ్యి పోతుంది. ఏ కొమ్మ ఉంచాలో ఇప్పుడే తేల్చుకోండి, కోతలు మాత్రం చాలావరకు తొలకరి దాకా ఆపండి. ఆకులు పోయిన లేత మాను మీద నేరుగా ఎండ పడితే బెరడు మాడుతుంది.

మొక్కను కళ్ల ఎత్తులో పెట్టి, ముందు వైపు ఏదో నిర్ణయించుకోండి. మొదటి పెద్ద కొమ్మ మొత్తం ఎత్తులో మూడో వంతు దగ్గర, దాని పైది రెండో వైపు, ఆ పైది వెనక్కి ఉంటే చూపుకు బాగుంటుంది. ఒకే ఎత్తులో ఎదురెదురుగా రెండు కొమ్మలుంటే ఒకటి పోవాల్సిందే, లేకపోతే ఆ చోట మాను ఉబ్బిపోతుంది. అది అగ్గిపుల్లంత సన్నగా ఉంటే ఇప్పుడే తీసేయొచ్చు. పాలు కారతాయి, కాసిన్ని నీళ్లు చిలకరిస్తే ఆగుతాయి. ఆ చేత్తో కళ్లు మాత్రం నలుపుకోకండి. అనుమానమున్న కొమ్మలకు నూలు దారం కట్టి వదిలేయండి. వేసవంతా మానుకు నీడ ఇచ్చేవి అవే.

చాలామంది కింది కొమ్మ సన్నగా ఉందని దాని కొసే తుంచుతారు. అది ఇంకా సన్నబడుతుంది! లావెక్కాలంటే దాన్ని పొడుగ్గా సాగనివ్వాలి, తుంచాల్సింది పైన. జువ్వి, మర్రి, రావి బలమంతా తలకే పంపుతాయి. పై చిగుళ్లను రెండేసి ఆకుల దగ్గర గిల్లుతుంటే కిందికి వెలుతురు దిగుతుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అంత దూరం పాకిందంటే కొమ్మలకు ఊడల ఊతముంది. మన తొట్టిలో కింది కొమ్మకు దిక్కు ఆ గిల్లుడే.

కొమ్మను కావాల్సిన వైపు వంచడానికి తీగ చుట్టేటప్పుడు కొమ్మ లావులో మూడో వంతు మందమున్న అల్యూమినియం తీగ చాలు. చింతకైతే లేతగా ఉన్నప్పుడే చుట్టాలి, ముదిరితే పుటుక్కుమంటుంది. ఒకసారి జువ్వికి బిగించి చుట్టి పెళ్లికని ఊరెళ్లాను. మూడు వారాలకు తిరిగొస్తే తీగ బెరడులోకి దిగి ఉంది. విప్పబోతే బెరడు కూడా లేచొచ్చింది. మెలికల మచ్చ ఇంకా పోలేదు. వారానికోసారి చూడండి, తీసేటప్పుడు విప్పకుండా ముక్కలుగా కత్తిరించండి.

మిగతావి మీకు తెలిసినవే. తొట్టిని మిద్దె నేల మీద కాకుండా ఇటుకల మీద పెట్టడం, మధ్యాహ్నం ఎండకు నీడవల, పైపులోని వేడి నీళ్లు పారబోశాకే మొక్కకు పట్టడం. కొమ్మలు కోసిన నెలలోనే తొట్టి మార్చొద్దు.

వానలు పడి కొత్త చిగురేశాక దారాలు కట్టిన కొమ్మల్ని మళ్లీ చూడండి. పోయినేడు నేను ఐదింటికి కట్టాను, కోసింది రెండే.