నెల్లూరులో రాక్ నివాళి కచేరీ పెట్టాలనుకునే తమ్ముళ్లకు

నెల్లూరు బాలు సొంత ఊరు. ఇక్కడ ఆర్కెస్ట్రా గాయకుడు పాట ఎత్తుకోగానే, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకునేవారో, ఎక్కడ నవ్వు కలిపేవారో తెలిసినవాళ్లు ముందు వరుసలోనే ఉంటారు. పదిహేనేళ్లు అలాంటి ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించాను. ఇప్పుడు మిత్రులతో కలిసి పాత ఇంగ్లీషు రాక్ పాటల కచేరీలు చేస్తున్నాను. ఈ శ్రోతలూ అంతే. చంటిబిడ్డను పరాయివాళ్ల చేతికిచ్చిన తల్లిలా మనల్నే చూస్తుంటారు.

ముందుగా ఒక్కో పాట గురించీ తేల్చుకోండి: రికార్డులో ఉన్నట్టే వాయిస్తారా, మార్చి పాడతారా? కావలిలో మా కచేరీ అయ్యాక ఒక రిటైర్డ్ మాస్టారు, ఒక స్వరం మారినా తనకు మనసొప్పదన్నారు. పక్కనున్న కాలేజీ అబ్బాయి, అచ్చం అదే కావాలంటే ఫోనులో వింటాను కదా అన్నాడు. ఇద్దరి మాటా నిజమే, పాటను బట్టి.

ఈగల్స్ జట్టు పాట ‘హోటల్ కాలిఫోర్నియా’ చివర వారి గిటారిస్టులు డాన్ ఫెల్డర్, జో వాల్ష్ వంతులవారీగా వాయించి, ఆ తర్వాత జంటగా కలుస్తారు. ఆ గిటారు వరసను అభిమానులు నోటితో పాడుకుంటారు. అందులో ఒక్క స్వరం కూడా కదిలించకండి. జట్టులో గిటారు ఒక్కటే ఉంటే ఆ పాట జోలికి వెళ్లకండి.

మార్చదలచుకుంటే మాత్రం పూర్తిగా మార్చండి. బీటిల్స్ 1967లో హాయిగా, తేలికగా పాడిన ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’ను జో కాకర్ నిదానం చేసి, నాలుగు దెబ్బల నడకను మూడు దెబ్బల తిశ్రంలోకి తిప్పి, గొంతు చించుకుని వేడుకున్నట్టు పాడారు. 1969లో ఉడ్‌స్టాక్‌లోనూ అలాగే పాడారు. పాట అదే, గుండె వేరు. డ్రమ్స్ కాస్త వేగం పెంచి, చివర రెండు ఆలాపనలు చేర్చితే అది మార్పు కాదు, అజాగ్రత్త.

శ్రుతి విషయంలో పంతాలు వద్దు. గాయకుడికి పై స్థాయి అందకపోతే తీగలన్నీ ఒక ఫ్రెట్ (గిటారు మెట్టు) మేర దించి శ్రుతి చేయండి. గన్స్ ఎన్ రోజెస్ జట్టు 1987 నాటి తొలి ఆల్బమ్‌లో గిటార్లు ఎక్కువగా అలా దించినవే. అందని స్వరం కోసం అరిచే గొంతును ఏ అభిమానీ క్షమించడు.

మన కళ్యాణ మండపాల్లో గచ్చు నేల, నున్నటి గోడలు. డ్రమ్స్ దెబ్బ తిరిగి వచ్చి మాటలను మింగేస్తుంది. షామియానా అద్దెకిచ్చే వారి దగ్గర పరదాలు తెచ్చి వెనక గోడకు రెండు మడతలుగా వేలాడదీయండి, డ్రమ్స్ కింద పరుపు వేయండి. మేము సాధన చేసేది బుచ్చిరెడ్డిపాళెంలో ఒక మిత్రుడి బియ్యం మిల్లు గోదాములో. బస్తాలు నిండుగా ఉన్నప్పుడు అక్కడ శబ్దం ఎంత శుభ్రంగా ఉంటుందో!

అన్నిటికంటే ముఖ్యం, చెవితో నేర్చుకోండి. డీప్ పర్పుల్ జట్టు పాట ‘స్మోక్ ఆన్ ది వాటర్’ మొదటి వరసను చాలా ఏళ్లు నేను పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో), పంచమం కలిపి వాయించాను. ఎక్కడో రాసిపెట్టింది చూసి నేర్చుకున్నదది. కావలి మాస్టారు నన్ను పక్కకు పిలిచి, “ఆ మొదటి వరస పలచగా ఉంది నాయనా, ఇంకేదో తోడుండాలి” అన్నారు. ఇంటికి వెళ్లి రాత్రంతా విన్నాను. అవి మధ్యమం దూరంలో జతపడ్డ స్వరాలు. ఆ జట్టు గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వాటిని పిక్ లేకుండా వేళ్లతో లాగుతారు. కొన్ని ఆవృతాలయ్యాక జాన్ లార్డ్ ఆర్గాన్ కూడా అదే వరసతో కలుస్తుంది. మాస్టారు అడిగిన తోడు అదే.

కాబట్టి కచేరీ అయ్యాక “ఎలా ఉంది?” అని అడగకండి, మర్యాదకు బాగుందనే అంటారు. “ఎక్కడ తగ్గింది?” అని అడిగి, చెప్పింది కాగితం మీద రాసుకోండి.

తర్వాతి కచేరీకి కీబోర్డు వాయించే అమ్మాయిని చేర్చుకున్నాం. మాస్టారు కావలి నుంచి బస్సెక్కి నెల్లూరు వచ్చారు. కుర్చీ తెచ్చుకుని కీబోర్డు వైపే కూర్చున్నారు.