ఇంటి కంప్యూటర్లలోకి బయటి నుంచి: 4వ పాఠం

గత పాఠం చదివి ప్రయత్నించినవారిలో చాలామందిది ఒకటే గోడు. రెండు రోజులు బాగానే పనిచేసింది, తరువాత ఒకనాడు తమ కంప్యూటర్‌కు బదులు నాన్నగారి ల్యాప్‌టాప్ లాగిన్ తెర ప్రత్యక్షమైంది. తప్పు నాదే. రౌటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే అభ్యర్థనను లోపలి ఫలానా అడ్రసుకు పంపే నియమం) రాయించాను గాని, లోపలి ఐపీ అడ్రసులు (ఇంట్లో ఒక్కో కంప్యూటర్‌కు రౌటర్ ఇచ్చే సంఖ్యలు) మారకుండా చూసుకోమని చెప్పలేదు. అది ఎవరికైనా తెలిసిందే అనుకున్నాను. అందుకని ఈసారి చెప్పవలసిన వైర్‌గార్డ్ (బయటి నుంచి ఇంటికి గుప్తమైన దారి వేసే వీపీఎన్) వాయిదా పడింది.

రౌటర్ అడ్రసులను గడువు పెట్టి అద్దెకిస్తుంది. మీ కంప్యూటర్‌ను కొన్నాళ్లు ఆపి ఉంచారు, గడువు తీరింది, 192.168.1.11 ఖాళీ అయింది. ఊరి నుంచి వచ్చిన నాన్నగారి ల్యాప్‌టాప్ అందులో దిగింది. మీరు రాసిన నియమానికి మీరెవరో తెలియదు, 11 ఒక్కటే తెలుసు.

రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ (అడ్రసులు అద్దెకిచ్చే విభాగం) కింద ‘అడ్రస్ రిజర్వేషన్’ ఉంటుంది. ఒక్కో కంప్యూటర్ మ్యాక్ అడ్రసుకు (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యకు) ఒక్కో ఐపీ కేటాయించండి. వైఫైకి ఒక మ్యాక్, కేబుల్‌కు వేరొకటి ఉంటాయి, వాడేదే రాయాలి. విండోస్ వైఫై సెట్టింగుల్లో ‘ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్’ ఆన్‌లో ఉంటే ఆపండి. లేకపోతే మ్యాక్ మారిపోయి మళ్లీ మొదటికే.

ఇక పోర్టులు, అంటే ఒకే అడ్రసులో ఒక్కో సేవకు ఉండే తలుపు సంఖ్యలు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ తెరను వాడనిచ్చే సౌకర్యం) ప్రతి కంప్యూటర్‌లోనూ 3389 మీదే వింటుంది. బయటి అడ్రసు ఒక్కటే కాబట్టి బయటి 3389 ఒక్కరికే దక్కుతుంది. రెండోదానికి బయటి 33892ను లోపలి 192.168.1.12 వారి 3389కి పంపండి. కనెక్ట్ అయ్యేటప్పుడు అడ్రసు తరువాత కోలన్ పెట్టి 33892 కొట్టాలి. ఇందుకోసం కొందరు విండోస్ రిజిస్ట్రీలో పోర్టు మార్చారు. అక్కర్లేదు, ఆ మార్పిడి రౌటరే చేస్తుంది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండించే విషయం. ఇంట్లో సోఫాలో కూర్చుని, ఇంటి వైఫై మీదే ఉండి, బయటి అడ్రసు కొట్టి “రావడం లేదు” అనకండి. మీ అభ్యర్థన లోపలి నుంచి రౌటర్ దగ్గరికి వెళ్లి, అక్కడే వెనక్కి తిరిగి మళ్లీ లోపలికి రావాలి. దీన్ని హెయిర్‌పిన్ అంటారు. కొన్ని రౌటర్లు చేస్తాయి, కొన్ని చేయవు. చేయని రౌటర్ ఉన్నవారు సరైన నియమాన్ని చెరిపేసి, తప్పుగా మళ్లీ రాసి, చివరికి ఫైర్‌వాల్ కూడా ఆపేస్తారు. చేసే రౌటర్ ఉన్నవారిది ఇంకో కష్టం: ఇంట్లో పనిచేసింది కదా అని ధీమాగా ఊరెళ్లి అక్కడ చిక్కుకుంటారు. ఫోన్‌లో వైఫై ఆపండి, మొబైల్ డేటా మీద పరీక్షించండి. పైన వైఫై గుర్తు పోయిందో లేదో కళ్లతో చూడండి.

రౌటర్‌లో కనబడే వ్యాన్ (బయటివైపు) అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కనెక్షన్ వాటా అడ్రసు (చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రసు) మీద ఉంది. ఈ పాఠం మీకు పనికిరాదు, వైర్‌గార్డ్ దాకా ఆగండి. విండోస్ హోమ్ అయితే రిమోట్ డెస్క్‌టాప్‌తో ఎవరినీ లోపలికి రానివ్వదు.

నిజం చెప్పాలంటే నేను రిమోట్ డెస్క్‌టాప్ పోర్టులు బయటికి తెరవను. 2019లో అందులో బ్లూకీప్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మరమ్మతు విడుదల చేసింది. నా ఇంట్లో తెరిచి ఉన్నది ఒక చిన్న లినక్స్ పెట్టె ఎస్‌ఎస్‌హెచ్ (గుప్తీకరించిన దూరపు లాగిన్) ఒక్కటే. పాస్‌వర్డ్ లేదు, కీ (ఫైలుగా దాచుకునే తాళంచెవి) మాత్రమే. మిగతా కంప్యూటర్లకు దాని గుండా టన్నెల్ (ఆ గుప్తమైన లాగిన్ లోపలి నుంచే సాగే దారి) వేసుకుని వెళ్తాను. మీరూ చివరికి అక్కడికే వస్తారు.

అభ్యాసం: కంప్యూటర్లన్నీ, రౌటర్ కూడా ఆపండి. రౌటర్‌ను ముందు లేపి, కంప్యూటర్లను రోజూ వేసే వరుసకు తలకిందులుగా వేయండి. వీధి చివరికి నడిచి, మొబైల్ డేటా మీద ఒక్కోదానిలోకి వెళ్లి దాని పేరు కాగితం మీద రాయండి. తరువాత ఒక నియమాన్ని ఎవరూ లేని 192.168.1.77కి మళ్లించి, ఎన్ని సెకన్లు ఎదురుచూసి విఫలమవుతుందో లెక్కపెట్టండి. ఉన్న కంప్యూటర్‌లో ఎవరూ వినని పోర్టుకు మళ్లించి మళ్లీ లెక్కపెట్టండి. ఫైర్‌వాల్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి. చూడగానే ఆఫ్ చేసినదాన్ని ఆన్ చేయండి.